కండక్టర్ తాత అంకెలు

పూజ్యురాలైన అక్కకు, నీ ఏకైక తమ్ముడు ఆసుపత్రి మంచం మీద నుంచే సాష్టాంగపడి వ్రాయునది. ఇక్కడ నేను, నా మంచం, తెరుచుకోని కిటికీ క్షేమం. అక్కడ నువ్వు, బావ, నీకు మిగిలిన ఆ ఒక్క కన్ను క్షేమమని తలుస్తాను.

అక్షరాలు చెప్పులంత ఉన్నాయని తిట్టకు. అమ్మ వైపు నుంచి మనిద్దరికీ ఆస్తిగా వచ్చిన ఈ కంటినరం జబ్బులో చూపుకు నడిమధ్య ఏమీ ఆనదని నీకు తెలియనిదా? పక్కచూపుతో రాస్తున్నాను. బావా, పైకి చదివేది మీరే కాబట్టి మనవి: మధ్యలో ఆపకండి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. తుంటి ఎముకలోంచి మూలకణాలు తీసినప్పుడు నొప్పి పుట్టింది, బంధువులందరినీ పేరుపేరునా తిట్టుకున్నాను. వాటిని కంటి వెనక్కి ఎక్కించినప్పుడు మాత్రం ఏమీ తెలియలేదు. ఇక్కడి తిండిలో ఉప్పుకు ప్రవేశం లేదు.

ఇక చివరి ప్రశ్న. "నీకు కనిపిస్తోందటగా, అమ్మ చెప్పింది. నేనూ ఈ వైద్యానికి సంతకం పెట్టేయనా?"

దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఇక్కడి సంగతి చెప్పాలి.

ఇక్కడ రోజూ పొద్దున్నే పరీక్ష. లోపల గోడకు అంకెల చార్టు, బయట బెంచీ మీద మేం. నాకంటే ముందు వెళ్లేది కండక్టర్ తాత. బస్సుల్లో అరిచిన గొంతు కదా, ఆయన బాగున్న కంటితో ఒక్కో వరుసా స్టాపు పేరు పిలిచినట్టు చదువుతాడు. డిగ్రీలో ఏదీ బట్టీ రాని నాకు, రోజూ విని విని ఇది వద్దన్నా వచ్చేసింది. మొన్న డాక్టరమ్మ మరీ దిగులుగా ఉందని, సరదాకి చివరి వరుస దాకా గడగడా అప్పజెప్పాను. నవ్వి మొట్టికాయ వేస్తుందనుకున్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది.

"మళ్లీ చదువు బాబూ," అంది.

మళ్లీ చదివాను. జోకని చెప్పుకునే తలుపు అక్కడే మూసుకుపోయింది అక్కా.

కాసేపటికే అమ్మకు ఫోను, అమ్మ ఏడుపు. తాత వాటేసుకుని, "నీకొచ్చిందంటే నాకూ వస్తుందిరా మనవడా!" అన్నాడు. అందరూ ఎంత సంతోషంగా ఉన్నారంటే నాకు ఊపిరాడటం లేదు. నిజం చెబుదామని నోరు తెరిస్తే, "పాపం, ఆనందంతో మాట రావట్లేదు" అంటున్నారు. ఇన్నాళ్లూ ఏం చెప్పినా జోకనుకున్నారు. ఒక్క జోకేస్తే నిజమనుకున్నారు.

నాకు ఏమీ కనిపించడం లేదు అక్కా. చార్టు ఉన్నచోట పాత బూడిదరంగు మచ్చే ఉంది. ముందు ముందు కనిపిస్తుందేమో, ఎవరికీ తెలియదు. కానీ నన్ను చూసి సంతకం పెట్టకు. నీకు ఇంకా బావ మొహం కనిపిస్తోంది. (బావా, అదేమంత చూడదగ్గదని నేను అనలేదు.) నా వెకిలితనాన్ని నమ్మి ఆ కంటి వెనక్కి సూది వెళ్లకూడదు.

రేపు చార్టు ముందు నిలబడి, "ఏమీ కనిపించట్లేదు డాక్టర్" అనాలి. పొద్దుట్నుంచి అదే బట్టీ పడుతున్నాను. ఇంత చిన్న మాట, నోటికి రావడం లేదు.

ఇట్లు,
పరీక్షలో కాపీ కొట్టి ఫస్టు వచ్చిన
నీ తమ్ముడు