సిరి రాసిన సొంత వాక్యం

ఏవండీ, మీకు చేరదని తెలిసే రాస్తున్నాను. మీరు పోయాక ఇది రెండో మామిడి కాపు. మన మనవరాలు సిరి రేపటి పరీక్షకి ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతోంది. ఒక్కో మాటకీ అర్థం, అదే అర్థమొచ్చే ఇంకొన్ని మాటలు, ఆపైన సొంత వాక్యం. ఎక్కడ మరిచిపోతుందోనని నాకు దడ.

మానుకోవడం అనే అర్థమున్న మాటొకటి వస్తే, "దానికేం రాశావే?" అని అడిగాను.

"తాతయ్య పోయాక నాన్నమ్మ రసాలు తినడం మానేసింది," అని తెలుగులో చెప్పింది. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదండీ.

లేచి వెళ్ళి ఒక రసం పిసికి తెచ్చింది. "తిను నాన్నమ్మా. నా వాక్యం తప్పయితే అయింది."

మార్కులు పోతాయేమోనని భయమేసి, పరీక్ష అయ్యాక తింటానన్నాను. మీరు పిసికినట్టు దానికి రాలేదు. ఓ పక్క ఇంకా గట్టిగానే ఉంది.