ట్యాంకులో మన ఇంటి నీళ్ళు

ఏమండీ,

మోంటానాకి క్షేమంగా చేరాను. రేపటి నుంచే ఇక్కడి ఆస్పత్రిలో నర్సు డ్యూటీ. "బయటి నీళ్ళు నీకు పడవు" అంటూ పికప్ వెనక తగిలించిన క్యాంపర్ బండి ట్యాంకు నిండా మీరు పట్టిన ఇంటి నీళ్ళ బరువు లాగలేక మన పికప్ డీజిల్ తాగేసింది. నెవాడాలో మనసొప్పకపోయినా ఆ నీళ్ళు పారబోశాను. ఒక్క సీసా ఉంచుకున్నాను. ఇవాళ దాంతోనే కాఫీ పెట్టుకున్నాను. టైర్లలో గాలి సరిచూసి, గంటకి యాభై ఐదు మైళ్ళు దాటకుండా నడిపితే మైలేజి గ్యాలనుకి తొమ్మిది నుంచి పన్నెండుకి వచ్చింది.

అనిక రాత్రిళ్ళు పళ్ళకి రిటైనర్ పెట్టుకుంటోందా? గోంగూర పచ్చడి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంది, పారేయకండి. దానికి నా ముద్దులు, పచ్చడికి కాదు, పిల్లకి.

ఈ ఆస్పత్రి కాంట్రాక్టు అయ్యాక తిరిగొచ్చేటప్పుడు మాత్రం మైలేజి ఎంతని అడగకండి. ఇంటివైపు అంత నెమ్మదిగా నడపడం నా వల్ల కాదు.

మీ శశికళ