కొంగ పేరు మార్చను

సిద్ధగోరా
జానకి గారికి నమస్కారం.
మన సంఘం వార్షికోత్సవంలో ఎగరేస్తానన్న మీ బొమ్మ విమానం చూశాం. రెక్క మీద ఇంగ్లిషు అక్షరాల్లో "స్టార్చ్" అని ఉంది. గంజిపొడి ప్రకటనలకు మా దగ్గర చోటు లేదు. చెరిపేయండి.
ఇట్లు,
నీలకంఠం, కార్యదర్శి, తెలుగు మిత్ర సంఘం
తా.క.: ఫోన్ చేయకండి. సంఘం వ్యవహారాలన్నీ ఉత్తరాల్లోనే జరగాలని అధ్యక్షులు పోలరాజు గారి ఆజ్ఞ. గంజిపొడి నిజంగా ఉంటే ఒక ప్యాకెట్టు పంపండి.

గోవింద్‌పూర్
కార్యదర్శి గారికి నమస్తే.
అది గంజి కాదండీ, "ష్టోర్ఖ్". జర్మన్ భాషలో కొంగ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్లకో చిన్న విమానం ఉండేది. చక్రాల కాళ్ళు బాగా పొడుగు. గాల్లోకి లేచాక కొంగ కాళ్ళలా కిందికి వేలాడేవి, అందుకే ఆ పేరు. కాస్త జాగా ఉంటే చాలు, లేచిపోయేది. మన మైదానం చిన్నదని దాని నమూనా చేశాను. ఇప్పుడు తెలుగులోనే "కొంగ" అని రాశాను.
జానకి
తా.క.: మా ఇంట్లో గంజి అన్నం వార్చినప్పుడే దొరుకుతుంది. గిన్నె తెచ్చుకోండి.

సిద్ధగోరా
జానకి గారికి,
వ్యవహారం ముదిరింది. ఆ యుద్ధంలో మన సంఘం ఎవరి పక్షమని సభ్యులు అడుగుతున్నారు. పైగా కొంగ అనగానే కొంగజపం గుర్తొస్తుందనీ, అది తననే అన్నారనీ అధ్యక్షులు నొచ్చుకున్నారు. "గరుడ" అని మార్చండి. లేదంటే లోపలికి రానివ్వం.
విచారంతో,
నీలకంఠం
తా.క.: వేదిక మీద ఆయన కళ్ళు మూసుకునేది ధ్యానానికే. నిద్ర కాదు.

గోవింద్‌పూర్
కార్యదర్శి గారికి,
మార్చను. నాకు యుద్ధంతో పని లేదు, ఆ కాళ్ళు నచ్చాయి. పర్సుడీహ్ బడిలో నన్ను అందరూ కొంగ అనేవారు. పొడుగు కనిపించకూడదని ఏళ్ళ తరబడి వంగి నడిచాను. పెళ్ళయ్యాక మా అత్త తవిటమ్మ చూసి, "వంగి నడుత్తావేటే? కాళ్ళు పొడుగైతే సిగ్గేటి? నిటారుగా నడు" అంది. ఆ రోజు నిలబెట్టిన నడుమును మీ కమిటీ కోసం వంచలేను. మైదానం గోడ అవతలి ఖాళీ స్థలం సంఘానిది కాదు. అక్కడ ఎగరేస్తాను.
జానకి
తా.క.: అధ్యక్షుల ధ్యానానికి భంగం కలగకుండా మోటారు శబ్దం తగ్గించాను.

సిద్ధగోరా
జానకమ్మా,
నిన్న సభ మధ్యలో మీ కొంగ గోడ మీదుగా తొంగి చూసేసరికి పిల్లలు లేచి అటు పరిగెత్తారు. వాళ్ళ వెనక తల్లులు, వాళ్ళ వెనక కమిటీ. మా ఆవిడ వసంతలక్ష్మి చెప్పులు కూడా వేసుకోలేదు. చివరికి అధ్యక్షులు తమ ప్రసంగాన్ని నా చేతిలో పెట్టి, "ఓసారి సూసొత్తాను, నువ్వు సదువుతుండు" అని వెళ్ళారు. తిరిగి రాలేదు. ఖాళీ కుర్చీలకు మొత్తం చదివాను. వచ్చే ఏడు కొంగకు మైదానం మధ్యలోనే చోటివ్వాలని గోడ అవతలే తీర్మానించారట.
ఉంటాను,
నీలకంఠం
తా.క.: దాన్ని చూడనిది నేనొక్కడినే. ఆదివారం మీ ఇంటికి రావచ్చా?