ఒక్క రేవుకే ఇచ్చిన మాట

డియర్‌బోర్న్,
అక్టోబరు 27, 1996, ఆదివారం

ప్రియమైన నాన్నగారికి,

మీ పెద్ద కూతురు అర్వా సలాములు. అల్లా దయవల్ల అమ్మ, చెల్లి హనా, హూరియత్త, నేను అందరం బాగున్నాం, ఒక్క అత్త మోకాళ్ళు తప్ప. వాటి సంగతి తప్పకుండా రాయమంది, రాశాను. సుపీరియర్ సరస్సు మీద అప్పుడే మంచు పడుతోందని రేడియోలో విన్నాం. ఉన్ని బనియన్లు పెట్టెలోనే ఉంచకుండా వేసుకుంటున్నారా అని అమ్మ అడుగుతోంది. ఈసారి మీ ఓడ ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీకి రాదనీ, తిన్నగా క్లీవ్‌లాండ్ వెళ్తుందనీ కంపెనీవాళ్ళు చెప్పారు. అందుకే ఈ ఉత్తరం డెట్రాయిట్ నదిలో వెళ్ళే ఓడలకి ఉత్తరాలందించే తపాలా పడవవాళ్ళకి ఇస్తున్నాను.

ముక్బిల్ బాబాయ్, ఓడలో నాన్నకి నా ఉత్తరాలు చదివి వినిపించేది మీరే కాబట్టి మీకూ సలాములు. పోయినసారిలా భోజనాల గదిలో అందరి ముందూ చదవకండి. క్యాబిన్‌లో తలుపేసుకుని చదవండి. మధ్యలో మీ సలహాలు కలపకండి. మీరు కలిపితే నాన్న జవాబులో నాకు తెలిసిపోతుంది.

నాన్నా, పోయిన ఉత్తరంలో మీరు రెండు అడిగారు. ఆన్ ఆర్బర్ యూనివర్సిటీకి దరఖాస్తు పంపావా అన్నది మొదటిది. అంతా రాసి సిద్ధంగా ఉంచాను, ఇంకా పంపలేదు. మీరు ఓడలో అందరికీ మా అమ్మాయి ఆన్ ఆర్బర్‌లో చదవబోతోందని చెప్పేశారనీ, వంటాయన మీ పుట్టినరోజు కేకు మీద ఆ యూనివర్సిటీ పేరు కూడా రాశాడనీ తెలిసి నవ్వొచ్చింది. తర్వాత ఆ దరఖాస్తు తీసి చూసి మళ్ళీ సొరుగులో పెట్టేశాను.

రెండోది మీ మాటల్లోనే రాస్తాను. “ఓడని రెండు తాళ్ళతో కడితే గట్టిగా నిలుస్తుంది. రెండు కాలేజీలకీ ఒకేసారి పంపితే పోలా?” మా స్కూల్లో సలహాలిచ్చే మిసెస్ కోవాల్‌స్కీని నేనూ ఇదే అడిగాను. మసాచుసెట్స్‌లో ఉన్న ఆ ఆడపిల్లల కాలేజీ, ఆల్డర్‌లీ, అందరికంటే ముందు అడిగినవాళ్ళని ముందు చూస్తుంది. మనలాంటి ఇళ్ళనుంచి వెళ్ళేవాళ్ళకి చోటు దొరికే ఆశ అప్పుడే ఎక్కువ. కానీ అలా అడగాలంటే ఒక్కచోటే అడగాలి. వాళ్ళు సరేనంటే మిగతావన్నీ మానుకుని అక్కడికే వెళ్తానని నేనూ, ఇంట్లో పెద్దవాళ్ళూ, మిసెస్ కోవాల్‌స్కీ సంతకం చేసి మాటివ్వాలి. ఖర్చులకి వాళ్ళిచ్చే సాయం మనకి చాలకపోతే తప్ప ఆ మాట తప్పకూడదు. వచ్చే శుక్రవారం అడగడానికి ఆఖరి రోజు. వాళ్ళ జవాబు డిసెంబరు మధ్యలో వస్తుంది. సరస్సులు గడ్డకట్టి మీరు ఇంటికొచ్చేసరికి జనవరి అవుతుంది.

మన ఒప్పందం నేను మరిచిపోలేదు. ఇంటినుంచి వెళ్ళి ఇంటికి రావాలి అన్నారు, సరేనన్నాను. ఆ మాట మీదే, మన వీధిలో నా ఈడు పిల్లల్ని బడి మాన్పించినా, మీరు నన్ను చదవనిచ్చారు. మసాచుసెట్స్‌నుంచి సాయంత్రానికి ఇంటికి రాలేను.

పోయిన ఆదివారం జరిగింది చెబుతాను. ఆల్డర్‌లీలో ఎప్పుడో చదువుకున్న పెద్దావిడ ఒకరు ఇక్కడికి దగ్గర్లోనే ఉంటారు. పిల్లల్ని కలిసి మాట్లాడి కాలేజీకి రాయడం ఆవిడ పని. పేరు మిసెస్ విట్‌కమ్. నేను వాళ్ళింటికి ఒక్కదాన్నే వెళ్ళడం అత్తకి ఇష్టం లేక ఆవిణ్ణే మనింటికి రమ్మన్నాం. పొద్దున్నుంచీ అత్త ఊదు పొగ వేసి, మంచి దిళ్ళు తీసి, తేనె పోసిన పొరల రొట్టె చేయించింది.

“పిల్లని చూడ్డానికి ఒక్కర్తే రావడమేంటే? ఆవిడకి చుట్టాలు లేరా?” అంది నాతో.

“అత్తా, ఇవి పెళ్ళిచూపులు కావు.”

“ఇంటికొస్తారు, తింటారు, పిల్లని ప్రశ్నలడుగుతారు, తర్వాత కబురంపుతారు. మరి వీటినేమంటారో నువ్వే చెప్పు, చదువుకున్నదానివి.”

ఆవిడ గుమ్మంలోనే బూట్లు విప్పి లోపలికొచ్చింది. అక్కడికి అత్త కాస్త మెత్తబడింది. తర్వాత పక్కన కూర్చుని ప్రశ్నలన్నీ తనే మొదలుపెట్టింది. ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ చెప్పేది నేనే.

“కాలేజీకి ప్రహరీగోడ ఉందా, అడుగు.”

“లేదట అత్తా. చుట్టూ చెట్లున్నాయట.”

“చెట్లు ఆపుతాయా ఎవర్నైనా? సరే, వాళ్ళు ఊ అంటే మనం ఇంకోచోటు చూడకూడదంటున్నావు. అంటే ఫాతిహా చదివి పెళ్ళి ఖాయం చేసేసినట్టే కదే! పిల్ల తండ్రి నీళ్ళ మీదుంటే నిశ్చయం ఎవరు చేస్తారు? ఆ మాట చెప్పు ఆవిడకి.”

చెప్పాను. మిసెస్ విట్‌కమ్ అత్త వైపు తిరిగి, “మీ అత్తగారు చెప్పినంత బాగా ఈ పద్ధతి గురించి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు” అంది. అది వినగానే అత్త ఆవిడ పళ్ళెంలో ఇంకో ముక్క రొట్టె పెట్టింది. కానీ తన పట్టు మాత్రం వదల్లేదు.

అమ్మ ఒక్కటే అడిగింది. “ఉపవాసాల నెలలో తెల్లవారకముందు మా అమ్మాయికి అన్నం ఎవరు పెడతారు?” ఆవిడ, “నాకు తెలీదు. కనుక్కుని చెబుతాను” అంది. మర్నాడే ఫోన్ చేసింది. అక్కడ ఉపవాసముండే పిల్లలు ముగ్గురున్నారట. ఆ నెలంతా వంటింటి తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంటుందట. అమ్మ అత్తతో, “చూశావా వదినా, అబద్ధమాడే మనిషైతే అప్పుడే మేం పెడతాం అనేసేది” అంది.

నాన్నా, ఇప్పుడు రాయబోయేది ఇందాకే రాయాల్సింది. ధైర్యం చాలక ఇంతదాకా నెట్టుకొచ్చాను. ముక్బిల్ బాబాయ్, ఇక్కణ్ణుంచి నెమ్మదిగా చదవండి.

వెళ్ళబోయే ముందు మిసెస్ విట్‌కమ్ నన్ను, “ఇంటి పక్కనే అంత మంచి యూనివర్సిటీ ఉండగా మా కాలేజీ ఎందుకు?” అని అడిగింది. నేను ఇంగ్లీషులో జవాబు చెప్పాను. ఏమన్నావని అమ్మ అడిగితే, అక్కడ లెక్కలు బాగా చెబుతారని అన్నానన్నాను. అది అబద్ధం. లెక్కల మాటే నేనెత్తలేదు.

ఆవిడతో నేనన్నది ఇది. ఎనిమిదేళ్ళ వయసునుంచీ మా ఇంటికి గొంతు నేనే. డాక్టరు దగ్గర అమ్మకి, కరెంటాఫీసులో అత్తకి, నాన్న యూనియన్ కాగితాలకి, పక్కింటివాళ్ళ కోర్టు పనికి కూడా. అమ్మ గర్భం పోయినప్పుడు ఆ సంగతి డాక్టరు ముందు నాతోనే అన్నాడు. దాన్ని అమ్మకి అరబ్బీలో నేనే చెప్పాను. వాళ్ళంటే నాకు ప్రాణం. కానీ అలిసిపోయాను. ఎవరి మాటా మోయక్కర్లేని చోట నా అంతట నేను ఏం మాట్లాడతానో నాకింకా తెలీదు. ఆన్ ఆర్బర్‌లో చేరితే మధ్యాహ్నం ఫోన్ వస్తుంది, క్లాసు వదిలి వచ్చేస్తాను. నన్ను రమ్మని ఎవరూ బలవంతపెట్టరు, నేనే వచ్చేస్తాను.

ఆవిడ వెళ్ళాక నేను గ్లాసులు తుడుస్తుంటే అమ్మ పక్కన నిలబడింది.

“నాతో లెక్కలన్నావు. ఆవిడతో లెక్కల ఊసే లేదు.”

నేను గ్లాసు కింద పెట్టేశాను. మంగళవారాలు అమ్మ బళ్ళో ఆడవాళ్ళ ఇంగ్లీషు క్లాసుకి వెళ్తుంది కదా. టీ తాగి కబుర్లు చెప్పుకోడానికని అత్త ఎగతాళి చేస్తుంది. నేనూ అంతే అనుకున్నాను.

“అలిసిపోయానన్నావు” అంది అమ్మ.

“అలా కాదమ్మా, నా ఉద్దేశం...”

“టైర్డ్ అంటే నాకు తెలుసే. ఆ ముక్క మొదటి వారమే నేర్పారు.”

నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. చేతులు తుడుచుకుని, “ఆ కాగితం పట్రా” అంది. నాన్న జవాబు వచ్చేదాకా ఆగుదామన్నాను. “ఆయన జవాబొచ్చేసరికి గడువు దాటిపోతుంది. ఏడాదిలో పదినెలలు ఆయన నీళ్ళ మీదుంటారు. నీకు పళ్ళు పీకించినా, ఇంటికి కప్పు వేయించినా సంతకం నాదే కదా. అప్పుడు ఎవరూ అడగలేదు” అంది. అత్త గుమ్మంలో నిలబడి, “మా అన్నయ్యకి నువ్వే చెప్పుకో, నేను చూళ్ళేదు” అంటూనే చివరిదాకా చూసింది. అమ్మ ఇంగ్లీషులో తన పేరు పూర్తిగా రాసింది. మొన్న శుక్రవారం నేనే పోస్టులో వేశాను.

మాట ఇచ్చేశాం నాన్నా. మీ ఇంటి తరఫున, మీ పేరు మీద, మీరు లేకుండా ఇచ్చాం.

మీరు వద్దంటే నేను వెనక్కి తీసుకుంటాను. వాళ్ళు జవాబు చెప్పకముందే రాస్తే సరిపోతుందని మిసెస్ కోవాల్‌స్కీ చెప్పింది. అప్పుడు ఆన్ ఆర్బర్‌కే పంపుతాను, మన ఒప్పందం ప్రకారం ఇంట్లోనే ఉంటాను, ఏడుపు మొహంతో తిరగను. ఇది మిమ్మల్ని మెత్తబరచడానికి రాయడం లేదు. ఒక్క రాత్రి కూడా ఇల్లు వదిలి పడుకోని దాన్ని, అక్కడ ఎలా ఉంటానో నాకే భయంగా ఉంది. అయినా వెళ్ళాలనే ఉంది. రెండూ నిజమే.

మొన్న హనాకి చెవిపోటొస్తే అమ్మ నన్ను స్కూలునుంచి పిలిపించలేదు. తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందు తెచ్చింది. రోజుకి ఎన్నిసార్లు వేయాలో రెండుసార్లు అడిగి మరీ తెలుసుకుందట. నేనింటికొచ్చేసరికి సీసా బల్ల మీద ఉంది. నాకెవరూ ఏమీ చెప్పలేదు.

మీరు క్లీవ్‌లాండ్ రేవునుంచి ఫోన్ చేస్తారని తెలుసు. ఈ ఫోన్ డబ్బులు మీరు కడతారా అని ఆపరేటరు ముందు ఇంగ్లీషులో అడుగుతుందని ప్రతిసారీ నేనే ఎత్తుతాను కదా. ఈసారి అమ్మ ఎత్తుతుంది. ఆపరేటరుతో అమ్మే మాట్లాడుతుందట. నన్ను పక్కగదిలో కూర్చోమంది. అవునైనా కాదైనా ఆమెకే చెప్పండి నాన్నా. ఆమె ఏం చెప్పినా అదే మీ మాటని నమ్ముతాను, మళ్ళీ అడగను.

ఇట్లు,
మీ జవాబు కోసం పక్కగదిలో ఎదురుచూసే
మీ పెద్ద కూతురు,
అర్వా