చిరుత నన్ను కరవలేదు

అక్కా, వందనాలు. నా చేతులు రెండూ బాగున్నాయి. అడవిలో సిగ్నల్ లేక ఈ కార్డు రాస్తున్నాను. చిరుత నన్ను కరిచిందంటూ గోదావరిఖని అంతా తిరుగుతున్న వీడియో శుద్ధ అబద్ధం.

పరిశోధన కోసం బోనులో పట్టిన చిరుతకు మా డాక్టరు మత్తిచ్చి, ఎటు తిరిగినా తెలిసేలా మెడకు రేడియో కాలర్ తొడిగారు. చూస్తే అది పాలిచ్చే తల్లి. త్వరగా వదలాలని మేం తొందరపడుతుంటే ఒక కాంట్రాక్టర్ వచ్చి, దాని తల ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగుతానన్నాడు. అడ్డం నిలబడ్డాను.

"జరుగు పిల్లా, ఇది నీ సొంతమా ఏంది?" అని నెట్టాడు.

"దాని పిల్లలు ఆకలితోని ఉన్నయ్. నీకు గిట్ల ఆటలా?" అని చొక్కా పట్టి అవతలికి ఈడ్చాను. మోచెయ్యి గీరుకుంది, అంతే. గంట తర్వాత చిరుత లేచి, తూలకుండా అడవిలోకి నడిచింది.

ఆ గీరునే చిరుత కాటని ఎవరో వీడియో చేస్తే, దాన్ని బావే పంచాడని ఊరికెళ్లొచ్చిన జీపు డ్రైవర్ తన ఫోన్‌లో చూపించాడు. మరదలు బతికుందో లేదో కనుక్కోవాలని కూడా తోచలేదా? వెంటనే తీసేసి, తప్పని రాయమను. నాన్నకు దగ్గు తగ్గిందా? దవాఖానకు తీసుకెళ్లు. నా రెయిన్‌కోటు పంపు.

పిల్లలకు ముద్దులు. అమ్మకు వందనాలు. బావకు మాత్రం వీడియో తీసేశాకే.

ఎస్తేరు