చాయ్ తాగకుండ పోయిన నలభై ముగ్గురు

సిరిసిల్ల

అల్లుడు అక్షయ్‌కు మామ మార్కండేయులు దీవెనల్ల కొంచెం కోపం కలిపి రాసేది.

ఫోన్ల మాట్లాడితె ఎవలో వింటరని, ఇంటర్నెట్ల కొడితె ఎవలో చూస్తరని నువ్వే చెప్తివి. గందుకే పోస్టు డబ్బను నమ్ముకున్న. కవరుకు గమ్ పెట్టి, మీదికెల్లి టేపు గూడ ఏసిన.

మొన్న నువ్వు అచ్చి మన కార్ఖానా కంప్యూటర్ల బ్రౌజర్‌కు ఏవో యాడ్-ఆన్లు తగిలిచ్చినవు. కావలి కాస్తయన్నవు. మంచిది. అండ్ల ఎర్ర డాలు బొమ్మ ఉన్నదాని మీద ఇయ్యాల 43 అని పడ్డది. పక్కన 'బ్లాక్డ్' అని ఉన్నది.

నలభై ముగ్గురిని వాపసు పంపిందన్నట్టు. మా నాయిన కాలం నుంచి మన గడపకు అచ్చినోడు చాయ్ తాగకుండ పోలే. అప్పు వసూలుకు అచ్చినోడు గూడ తాగే పోయిండు. బట్ట నేసే ఎనిమిది సాంచెలల్ల ఆరు బందువడ్డయి. దసరాలోపు బట్టకు ఆర్డర్ రాకుంటె తుక్కు కింద అమ్ముడే. గిసోంటి టైముల, గా నలభై ముగ్గుర్ల కోరుట్ల బట్టల దుకాణం సారయ్య లేడని నీకెర్కనా?

ఇట్లు,
గిరాకీ పోగొట్టుకున్న మామ

తా.క.: డాలుకే ఒక కప్పు పోసి బతిమాలుదామని మీ అత్త బాలవ్వ అంటున్నది. పాలు దండుగని నేనే ఆపిన.

---

జగిత్యాల

మామ పాదాలకు మొక్కి, టేపు కోయబోయి ఉత్తరమే కోసుకున్న అక్షయ్ విన్నపం.

సగం తెగింది. తిట్లున్న సగం భద్రంగనే ఉన్నది.

మామా, గా నలభై ముగ్గురు మనుషులు కారు. నువ్వు నూలు రేట్లు చూసే పేజీలల్ల దాక్కునే ట్రాకర్లు. నువ్వు ఒక దుకాణంల ఏ బట్ట ముట్టినవో ఎనుక నిలబడి చూసి, పది దుకాణాలకు మోసే రకం. చాయ్ పోస్తే చక్కెర ఎన్ని చెంచాలో గూడ రాస్కపోతరు.

రెండో యాడ్-ఆన్ పాస్‌వర్డులు దాస్తది. మూడోది దొంగ సైట్ అస్తే అడ్డం పండుకుంటది. మూడింటినీ బ్రౌజర్ వాళ్ళ సొంత స్టోర్ల నుంచే తెచ్చిన. కావలోడు ఇంట్ల అన్నీ చూస్తడు గద, దారిన పోయేటోన్ని పెట్టుకోవద్దు. ఒకవేళ పనికచ్చే పేజీ తెరుచుకోకపోతే డాలు మీద నొక్కు, గా పేజీ వరకు పక్కకు జరుగుతది.

సారయ్య అండ్ల లేడు. ఈ సంగతి బజార్ల పెట్టకు.

ఇట్లు,
ఒక్క గిరాకీని గూడ ఆపని అల్లుడు

తా.క.: బ్యాంకుకు, కరెంటు బిల్లుకు, అన్నింటికీ పాస్‌వర్డు అత్త పేరే పెట్టినవు. తీసెయ్యి. ఊరంత ఎరికే.

---

సిరిసిల్ల

అల్లునికి, కోరుట్ల పోయచ్చిన మామ కుశలంగ రాసేది.

ఫ్లాస్కు నిండ చాయ్ పోస్కొని బస్సెక్కిన. నేను కూసోకముందే సారయ్య "మార్కండేయులూ, ఆర్డర్లేం లేవే ఇప్పుడు" అన్నడు.

"ఆర్డర్ కోసం రాలే సారన్నా. మా కార్ఖానా కంప్యూటర్‌కు పెట్టిన కావలి మీద 43 పడ్డది, గడపకు అచ్చి ఎవలన్న తిరిగిపోయిన్రో అని మనసు గుంజుతున్నది. చాయ్ తాగు" అన్న.

"నేను రానే రాలే" అన్నడు. చూడు, ఎంత అలిగిండో.

రెండో కప్పు పోసిన. "నిజంగ రాలేదే" అన్నడు గని గొంతు మెత్తవడ్డది. మూడో కప్పుకు తల దించుకున్నడు. పోయినేడు బడి పిల్లల బట్టకు నాకు మాటిచ్చి, వేరేటోని దగ్గర కొన్నడు. గది యాదికచ్చినట్టున్నది.

ఇంకా నలభై ఇద్దరున్నరు. ఎల్లుండి మల్లాపూర్ దుకాణాలకు.

ఇట్లు,
చాయ్ బాకీ తీరుస్తున్న మామ

తా.క.: మిగిలినోళ్ళ పేర్లు డాలు చెప్తలేదు. నువ్వన్న అడిగి రాయి.

---

జగిత్యాల

మామకు, తల పట్టుకున్న చేతితోనే అక్షయ్ రాస్తున్న అత్యవసర విన్నపం.

నా ఉత్తరం నీకు అందనట్టున్నది. నీ పరువు కాపాడుదామని నేనే కోరుట్ల పోయిన. నోరు తెరవంగనే సారయ్య నా చెయ్యి పట్టుకున్నడు.

"పైసలు అడగ అచ్చిన్రు, బట్ట అడగ అచ్చిన్రు. మాఫీ అడగ అచ్చింది ఇన్నేండ్లల్ల మీ మామ ఒక్కడే" అని కండ్లు తుడ్సుకున్నడు. ఆ కండ్ల ముందట ట్రాకర్ల ముచ్చట ఎట్ల తీయాలె? పైగా అసోంటి కావలే తనకూ కావాలన్నడు. పెట్టచ్చిన.

ఇగ నువ్వే అసలు సంగతి చెప్పాలె. రేపు ఆయనకు తెలిస్తే ఆర్డరూ రాదు, ముఖమూ చూపెట్టలేం. మల్లాపూర్ మాత్రం పోకు.

ఇట్లు,
ధర్మసంకటంల అల్లుడు

తా.క.: చాయ్ల అల్లం ఎక్కువయ్యిందట.

---

సిరిసిల్ల

బుద్ధిమంతుడైన అల్లునికి, సాంచెల చప్పుడు నడుమ మామ రాసేది.

నీ మొదటి ఉత్తరం నేను బస్సెక్కకముందే అందింది. రెండుసార్లు సదివిన. ట్రాకర్లు, ఎనుక నిలబడుడు, అంత సమజైంది.

గని అల్లుడా, ఆర్డర్ అడగబోతే నన్ను గడపలనే ఆపుతరు, నీ డాలు లెక్క. మాఫీ అడగబోతే కుర్సీ ఏస్తరు. అబద్ధం ఆడలే. ఎవలన్న తిరిగిపోయిన్రో అని అడిగిన, గంతే.

నిన్న సారయ్య బడి బట్టకు కంప్యూటర్ల ఆర్డర్ పంపిండు. గా పేజీ తెరుచుకోలే. డాలు మీద నొక్కిన, పక్కకు జరిగింది, నువ్వు రాసినట్టే. పొద్దుగాల్నుంచి ఎనిమిది సాంచెలూ నడుస్తున్నయి. మల్లాపూర్ పోను, తీరిక లేదు.

ఇట్లు,
మామ

తా.క.: పాస్‌వర్డుకెల్లి మీ అత్త పేరు తీసేసిన. అప్పటిసంది ఆమె నాతోని మాట్లాడ్తలేదు.

ఇంకో తా.క.: సారయ్య డాలు మీద 112 పడ్డదట. గంతమంది తన గడపకు అచ్చి తిరిగిపోయిన్రా అని పాపం అన్నం ముడ్తలేడట. ఇయ్యాల మనింటికి అచ్చిండు. అసలు సంగతి చెప్దామనే నోరు తెరిచిన. గంతల్నే ఫ్లాస్కు అడిగి తీస్కపోయిండు.