జ్వరం దిగినంక

19 ఏప్రిల్ 2021
ప్రియమైన బాపూ,
అమ్మ జ్వరం ఎట్లుంది? ఫోన్లో నీకు సరిగ్గా వినబడదు కాబట్టి, మన ఛత్రినాకలో కరోనా జాగ్రత్తలు చెప్పే మైకు తిప్పే ఆటో కైలాసం చేతికి ఈ చీటీ ఇస్తున్నాను. కరోనా డ్యూటీ ముగిసేదాకా నాకు హాస్టలే గతి.

ఆ మైకులో మాటలు రాసేది నేనే. మొన్న రెండు పేజీలు రాసిస్తే, గల్లీ దాటేలోపు సగం కూడా అయితలేదని కైలాసం నవ్వాడు. ఒక్క ముక్కకు కుదించాను: జ్వరం తగ్గేదాకా ఇల్లు కదలకండి. బాగుందా?
నీ డాక్టరు బిడ్డ ఇంద్రజ

22 ఏప్రిల్
నా బంగారు బిడ్డకు,
నీ మాట చెవిటోన్ని నాకే సమజైంది. పక్కింటి సుందరమ్మ పిల్లలు గూడ అదే పాడుతున్నరు. మస్తు ఖుషీ అయిన.

అమ్మకు నిన్న జ్వరం దిగింది. అమ్మవారు పోసినప్పుడు చేసినట్టే వేపాకు నీళ్ళు పోసిన. నీళ్ళు పోసినంక రోగం పోయినట్టే గద. ఇయ్యాల ఉస్మాన్‌గంజ్ల మన మిరపకాయల దుకాణంల కూసున్నది. దమ్ము వస్తున్నదంటే మిరప ఘాటే అన్న. ఫికర్ చేయకు.
మీ బాపు రామలింగయ్య

25 ఏప్రిల్
బాపూ,
నీ చీటీ మూడు రోజులకు ఇవాళ అందింది. సుందరమ్మత్తకు ఫోన్ చేస్తే, అమ్మను పొద్దున్నే ఆసుపత్రిలో చేర్చారంది.

జ్వరం తగ్గినా రోగం ఊపిరితిత్తుల్లో ముదరవచ్చు. ఆయాసం వస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. ఇది నా రెండు పేజీల్లో ఉంది. నేనే కొట్టేశాను. జ్వరం దిగితే మనవాళ్ళు నీళ్ళు పోసి బయటికి పంపుతారని నాకు తెలియదా? ఆ ఇంట్లోనే కదా పెరిగాను.

నన్ను తిట్టు బాపూ.
ఇంద్రజ

14 మే
బిడ్డా ఇంద్రా,
అమ్మను సాగనంపిననాడు శ్మశానంల అంత దూరం నిలబడి, నేనే చంపిన బాపూ అన్నవు. నీ తప్పు లేదని అబద్ధం చెప్పలేను. సగం నీది, సగం నాది.

జ్వరం తగ్గినా దమ్ము వస్తే ఆగొద్దని మైకు కోసం నువ్వు రాసిచ్చిన కొత్త కాయితం మంచిగుంది. గని ఎవ్వరు వింటలేరు, నీళ్ళు పోసుడు ఆపుతలేరు. నేను ఇంట్ల విడిగ ఉండాల్సిన పద్నాలుగు దినాలు అయిపోయినయి గనుక ఇయ్యాల నేనే ఆటో ఎక్కి మైకు పట్టిన. "మా ఇంటామె విమలకు జ్వరం దిగింది. రోగం పోయిందని నేనే నీళ్ళు పోసిన. ఐదు దినాలకు మనిషే పోయింది" అన్న.

అది విని మన గల్లీల ఉండే ఆగయ్య, పొయ్యి మీది వేపాకు నీళ్ళు దించి, దమ్ము పట్టిన కొడుకును అప్పటికప్పుడు దవాఖానకు తోల్కపోయిండు.

రేపు ఆటోల బహదూర్‌పురా పోయి ఇదే మాట చెప్పాలె. ఒక్క గంట సెలవడిగి వచ్చి నా పక్కన కూసో. ఏడుపొచ్చి నా మాట ఆగితే, మిగిలింది నువ్వు చెప్పు.
బాపు